మంచు కరిగితేనే ద్రాక్షపండుగ

మార్చి నెల వచ్చిందంటే మనకు ఎండలు ముదురుతాయి. మామిడి పిందెలు కాయలవుతాయి. ఒంటిపూట బడులు మొదలవుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే భూగోళానికి అవతలి పక్కన, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో, మెండోజా అనే ఊళ్ళో వేసవి ముగిసి ఆకురాలు కాలం అడుగుపెడుతుంది. ద్రాక్షగుత్తులు కోతకు వస్తాయి. వీధుల్లో అలంకరించిన బండ్లు ఊరేగుతాయి. ఆ పండుగ పేరు 'వెందిమియా'. స్పానిష్ భాషలో ఆ మాటకు ద్రాక్షకోత అని అర్థం.

మెండోజా ఊరి పేరే ఆ రాష్ట్రం పేరు కూడా. అక్కడివాళ్ళు తమది సూర్యుడి నేల, మంచి ద్రాక్షసారా నేల అని గొప్పగా చెప్పుకుంటారు. అది ఉత్త గొప్ప కాదు. అర్జెంటీనాలో తయారయ్యే ద్రాక్షసారాలో, అంటే వైనులో, మూడింట రెండు వంతులకు పైగా ఈ ఒక్క రాష్ట్రానిదే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మెండోజా ఊళ్ళో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. కరువుసీమ అని మనం చెప్పుకునే అనంతపురంలోనే దాదాపు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. మరి అనంతపురంలో సగమైనా వాన లేని చోట అన్ని తోటలు ఎలా బతుకుతున్నాయి? పండుగ సంగతి చెప్పుకునే ముందు ఈ నీటి సంగతి తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ పండుగ అసలు కీలకం ఇందులోనే ఉంది.

మార్చిలో ఆకురాలు కాలమా?

మన భూమి తన కక్ష్యకు నిటారుగా నిలబడి తిరగడం లేదు. దాని అక్షం 23½ డిగ్రీలు ఒరిగి ఉంది. జూన్‌లో ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు మొగ్గి ఉంటుంది. డిసెంబరులో దక్షిణార్ధగోళం మొగ్గుతుంది. అందుకే మనం దుప్పట్లు కప్పుకునే జనవరిలో మెండోజాలో మండువేసవి. మనకు రోహిణీకార్తె ఎండలు దాటే జూన్‌లో వాళ్ళకు చలికాలం మొదలు. రెండు అర్ధగోళాల వేసవుల నడుమ ఆరు నెలల తేడా అన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు విరివిగా ఉండేవి. ఆ కాయ పక్వానికి వచ్చేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. మెండోజాలో కోత కూడా ఆ నెలల్లోనే. రుతువులు వేరైనప్పుడు కోత ఒకేసారి ఎలా వచ్చింది?

కారణం తీగ నిద్రలో ఉంది. చలి దేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకులు రాల్చి నిద్రపోతుంది. వసంతం రాగానే తనంత తానే చిగురిస్తుంది. మన దగ్గర ఆ నిద్రకు కావలసినంత చలి లేదు. అందుకని మన రైతు కత్తెర పట్టి తీగను లేపుతాడు. వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఇంకోసారి కొమ్మలు కత్తిరిస్తాడు. అక్టోబరు కత్తిరింపుతో పూత వచ్చి, ఎండాకాలం మొదట్లో పండు చేతికొస్తుంది. మెండోజాలో తీగను లేపేది రుతువు. మన దగ్గర లేపేది రైతు.

కొండ అడ్డం వస్తే

మెండోజాకు పడమట ఆండీస్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. ఆసియా ఖండం బయట ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం అకంకాగ్వా ఈ రాష్ట్రంలోనే ఉంది. దాని ఎత్తు 6,961 మీటర్లు.

పసిఫిక్ మహాసముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఈ గోడను ఢీకొని పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది. చల్లని గాలి తేమను మోయలేదు. అందుకని ఆ తేమ చిలీ దేశపు వాలు మీద వానగా, శిఖరాల మీద మంచుగా రాలిపోతుంది. గోడ దాటి మెండోజా వైపు దిగేసరికి గాలిలో మిగిలేది చాలా తక్కువ. దిగే గాలి వేడెక్కుతుంది కూడా. ఒక్కోసారి అది మరీ వేడిగా, పొడిగా, దుమ్ము లేపుతూ ఊరి మీద పడుతుంది. ఆ గాలిని అక్కడ 'సోందా' అంటారు.

ఇలా కొండ చాటున వానకు నోచుకోని చోటును వర్షచ్ఛాయ ప్రాంతం అంటారని మీరు భూగోళంలో చదివే ఉంటారు. పడమటి కనుమల చాటున ఉండటం వల్లనే నైరుతి రుతుపవనం అనంతపురం మీద చిన్నచూపు చూస్తుంది.

మంచే చెరువు

వాన అడ్డుకున్న కొండే నీరు దాచిపెట్టడం మెండోజా అదృష్టం. మే నుంచి సెప్టెంబరు వరకు ఆండీస్ మీద మంచు కురుస్తుంది. అప్పుడు తీగలు నిద్రలో ఉంటాయి. వాటికి నీటి అవసరం అంతగా ఉండదు. నవంబరు వచ్చి ఎండ ముదిరేసరికి తీగలకు దాహం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మంచు కరిగి మెండోజా, తునుయాన్, దియమంతే, అతువేల్ నదులలోకి దిగుతుంది. మనం గట్టు పోసి చెరువు కట్టుకుంటాం. వాళ్ళ చెరువు కొండ మీద గడ్డకట్టి ఉంటుంది.

ఆ చెరువు ఒక్కసారిగా ఎందుకు ఖాళీ కాదు? మంచు కరగడానికి చాలా వేడి కావాలి. సున్న డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచును సున్న డిగ్రీల నీరుగా మార్చడానికే 80 కెలోరీల వేడి పడుతుంది. అదే వేడితో ఒక గ్రాము నీటిని సున్న నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు! దీన్నే గుప్తోష్ణం అంటారు. దీని పుణ్యమా అని కొండమీది మంచు వారాల తరబడి, నెలల తరబడి నింపాదిగా కరుగుతుంది.

వంతు నీళ్ళు

స్పెయిన్ దేశస్థులు 1561లో ఈ ఊరు కట్టేనాటికే అక్కడ వార్పే అనే ప్రజలు కాలువలు తీసి పొలాలు తడుపుకుంటున్నారు. వారి నాయకుడు గ్వైమాయెన్ పేరు ఒక పెద్ద కాలువకు నేటికీ ఉంది. ఈనాడు ఊళ్ళో వీధి వీధికీ పక్కన చిన్న కాలువ కనబడుతుంది. దాన్ని 'అసేకియా' అంటారు. వీధి చెట్లకు నీరు అదే. ఆ చెట్లలో మన వేపకు దగ్గర చుట్టమైన తురకవేప కూడా ఉంది.

కాలువ ఉంటే చాలదు, పంపకం ఉండాలి. మన చెరువుల కింద నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. తెలంగాణలో నీరటి అంటారు. తూము ఎత్తడం, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చూడటం అతని పని. మెండోజాలో ఈ పని చేసే మనిషి పేరు 'తొమేరో'. స్పానిష్‌లో 'తోమా' అంటే కాలువ నుంచి నీరు తీసుకునే ద్వారం. మన తూముకూ ఆ తోమాకూ చుట్టరికం లేదు గాని, పని మాత్రం ఒకటే. వంతు వచ్చిన రైతు అర్ధరాత్రి అయినా లేచి పలుగూ పారా పట్టుకుని తోటకు పోవలసిందే.

1884లో అక్కడ నీటి చట్టం చేశారు. దాని ప్రకారం నీటి హక్కు నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. నేలను అట్టేపెట్టుకుని నీటి హక్కును విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు. కాలువ కింది రైతులే తమ కాలువ పర్యవేక్షకుణ్ణి ఎన్నుకుంటారు. ఇంత జాగ్రత్తగా పంచుకున్నా పచ్చగా ఉండేది రాష్ట్రంలో నూటికి ఐదు వంతుల నేలకు మించదు. మిగిలిందంతా ముళ్ళపొదల ఎడారీ, కొండలూ. జనంలో చాలామంది బతుకుతున్నది ఆ కొద్దిపాటి పచ్చని నేల మీదే.

పగటి ఎండ, రాత్రి చలి

ద్రాక్షను అక్కడికి తెచ్చింది స్పెయిన్ వాళ్ళే. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు మెండోజాలో వ్యవసాయ విద్యాలయం నెలకొల్పి, ఫ్రాన్సు నుంచి కొత్త రకాలు తెప్పించాడు. వాటిలో మాల్బెక్ అనే నల్లద్రాక్ష ఆ నేలకు బాగా నప్పింది. 1885లో సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన ఉన్న రాజధాని బ్వేనోస్ ఐరెస్ నుంచి రైలు వచ్చింది. రైలు వెంట ఇటలీ, స్పెయిన్ దేశాల రైతులు వచ్చారు. తోటలు పెరిగాయి.

ఆ నేలలో అంత గొప్ప ఏముంది? ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బులేని ఎండ. ఆకులోని పత్రహరితం ఆ ఎండతో చక్కెర తయారు చేస్తుంది. జనవరిలో ఆకుపచ్చని కాయ రంగు తిరుగుతుంది. చక్కెర ఆకు నుంచి కాయలోకి దిగుతుంది. తోటలు 600 మీటర్ల ఎత్తు మొదలుకొని 1,500 మీటర్ల దాకా ఉన్నాయి. ఎత్తయిన చోట పగలు 30 డిగ్రీలు దాటినా రాత్రి బాగా చల్లబడుతుంది. కాయలో పులుపునిచ్చే ఆమ్లాలు వేడి రాత్రుల్లో త్వరగా ఖర్చయిపోతాయి; చల్లని రాత్రుల్లో నిలుస్తాయి. అందుకే ఆ పండులో తీపీ పులుపూ రెండూ సమంగా ఉంటాయి. ఎత్తుకు పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాలు ఎక్కువ. వాటిని తట్టుకోవడానికి కాయ తన తోలులో రంగు పదార్థాలను ఎక్కువగా చేర్చుకుంటుంది.

కోత ఎప్పుడు మొదలుపెట్టాలి? నోట వేసుకుని చెప్పడం పాత పద్ధతి. ఇప్పుడు చిన్న గొట్టంలాంటి పరికరంతో చూస్తారు. దాని గాజు మీద ఒక చుక్క రసం వేసి వెలుగు వైపు తిప్పి చూస్తే లోపల గీతల మీద అంకె కనబడుతుంది. రసంలో చక్కెర ఎక్కువైతే కాంతి ఎక్కువగా వంగుతుంది. ఈ వక్రీభవనమే చక్కెర కొలత. నూరు గ్రాముల రసంలో 22 నుంచి 25 గ్రాముల చక్కెర చేరితే వైను ద్రాక్ష కోతకు వచ్చినట్టే.

కోత రోజులు

కోత తెల్లవారుజామునే మొదలవుతుంది. చల్లని పూట కోసిన కాయ తొందరగా చెడదు. అర్జెంటీనా ఉత్తర రాష్ట్రాల నుంచి, పొరుగున ఉన్న బొలీవియా దేశం నుంచి కూలీలు కుటుంబాలతో వలస వస్తారు. చిన్న కత్తెరతో గుత్తి కోసి డబ్బాలో వేస్తారు. నిండిన డబ్బా సుమారు 20 కిలోలు తూగుతుంది. దాన్ని భుజాన వేసుకుని సాళ్ళ మధ్య దాదాపు పరుగు మీద పోయి లారీలో గుమ్మరిస్తారు. డబ్బాకు ఒక బిళ్ళ చేతిలో పడుతుంది. వారాంతాన బిళ్ళలు లెక్కపెట్టి కూలి ఇస్తారు. ఇప్పుడు పెద్ద తోటల్లో తీగను కుదిపి పళ్ళు రాల్చే యంత్రాలు వచ్చాయి.

ఇళ్ళల్లోనూ అవే పనుల రోజులు. చాలా కుటుంబాలు ఏడాదికి సరిపడా టమాటా గుజ్జును సీసాల్లో పోసి, మూత బిగించి, పెద్ద కాగులో నీళ్ళలో పెట్టి మరిగిస్తాయి. ఆ వేడికి గుజ్జును చెడగొట్టే సూక్ష్మజీవులు చస్తాయి. మూత గట్టిగా ఉండటం వల్ల కొత్తవి లోపలికి పోలేవు. మన వేసవిలో ఆవకాయ పెట్టే సందడి లాంటిదే ఇది. మనం ఉప్పుతో, నూనెతో చేసే పని వాళ్ళు వేడితో చేస్తారు.

ఇదీ పండుగ

తోటల్లో కూలీలు కోత ముగియగానే ఆటపాటలతో వేడుక చేసుకోవడం పాత ఆచారం. 1936లో అది ప్రభుత్వ పండుగ అయింది. ఫిబ్రవరి చివరి ఆదివారం పళ్ళకు ఆశీర్వాదం జరుగుతుంది. ద్రాక్షతోటలను కాపాడే తల్లిగా అక్కడివారు కొలిచే కరోదీయా మాత విగ్రహాన్ని తెచ్చి, తొలిపంటను ముందుంచి ప్రార్థిస్తారు. నాగటి కర్రును మోగిస్తారు. కొత్త ద్రాక్షసారాను దేవుడికి నివేదిస్తారు.

మార్చి మొదటి వారాంతంలో అసలు సంబరం. శుక్రవారం రాత్రి దీపాల వెలుగులో జిల్లా జిల్లాకూ ఒక బండి చొప్పున ఊరేగింపు సాగుతుంది. బండి మీద ఆ జిల్లా ఎన్నుకున్న 'ద్రాక్షరాణి' ఉంటుంది. ఆమె జనంలోకి ద్రాక్షగుత్తులూ, పళ్ళూ విసురుతుంది. వాటి కోసం జనం బుట్టలూ వలలూ పట్టుకుని ఎగబడతారు! శనివారం పొద్దున మళ్ళీ ఊరేగింపు. ఈసారి గుర్రాల మీద గౌచోలు, అంటే అక్కడి పశువుల కాపరులు, వెంట నడుస్తారు. ఆ రాత్రి కొండల నడుమ ఉన్న ఆరుబయలు రంగస్థలంలో పెద్ద ప్రదర్శన. 1963 నుంచి అది అక్కడే జరుగుతోంది. వందలాది నర్తకులు ఆడతారు. మెట్ల మీద వేలాదిమంది, చోటు చాలక చుట్టూ ఉన్న గుట్టల మీద మరిన్ని వేలమంది కూర్చుని చూస్తారు. ఆ నాట్యాల్లో నీరూ, కాలువా, వార్పే ప్రజలూ, వలస వచ్చిన రైతులూ, వడగళ్ళూ పాత్రలుగా వస్తుంటారు.

తొట్టిలో పొంగు

ఊళ్ళో పండుగ జరుగుతుంటే కర్మాగారంలో ఇంకో సందడి. చిదిపిన ద్రాక్షరసం పొయ్యి లేకుండానే బుడబుడ పొంగుతుంది. ఈ పని చేసేది ఈస్టు అనే కంటికి కనబడని ఏకకణ జీవి. అది చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా మారితే 92 గ్రాముల ఆల్కహాలూ, 88 గ్రాముల వాయువూ వస్తాయి. అంటే తీపిలో దాదాపు సగం గాలిలో కలిసిపోతుంది. పులియడం ప్రాణులు చేసే పనేనని పందొమ్మిదో శతాబ్దంలో లూయీ పాశ్చర్ నిరూపించాడు. మన ఇడ్లీపిండి పొంగడం కూడా సూక్ష్మజీవుల పనే. అక్కడ పైచేయి బాక్టీరియాది.

ఆ వాయువుతో జాగ్రత్తగా ఉండాలి. అది గాలి కంటే బరువు. రంగూ వాసనా లేవు. తొట్టి అడుగునా, నేలమాళిగలోనూ నీళ్ళలా నిలిచిపోతుంది. చూడకుండా దిగిన మనిషి ఊపిరాడక ప్రాణం పోగొట్టుకుంటాడు. పూర్వం ముందుగా ఒక దీపం దించి చూసేవారు. దీపం ఆరితే మనిషి దిగరాదు. ఇప్పుడు గాలిని కొలిచే పరికరాలున్నాయి. ఇక ఆల్కహాలు సంగతి: తాగినవారి మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసేది అదే.

ఆకులు రాలాక

ఏప్రిల్లో తోట పసుపెక్కుతుంది. పగలు కురచ అవుతుంటే తీగ తన ఆకుల్లోని పత్రహరితాన్ని విడగొట్టి, ఆకుల్లోని నత్రజనిని కాండంలోకి, వేళ్ళలోకి లాక్కుంటుంది. పచ్చరంగు పోగానే అంతవరకు చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. గాలి అడ్డుకోవడానికి తోటల చుట్టూ పెంచే పాప్లర్ చెట్లు బంగారు కంచెల్లా మెరుస్తాయి. ఆలివ్ కాయల కోత సాగుతుంది. చలికాలంలో తీగలు కత్తిరిస్తారు. కాలువలకు నీరు ఆపి పూడిక తీస్తారు. మన ఊళ్ళల్లో వేసవిలో చెరువు పూడిక తీసినట్టే.

ఆపదలు లేకపోలేదు. వేసవి ఉరుముల వానలో పడే వడగళ్ళు నాలుగైదు నిమిషాల్లో ఏడాది కష్టాన్ని నేల కూలుస్తాయి. అందుకే చాలా తోటల మీద వలలు కప్పుతారు. కానీ అన్నిటికన్నా పెద్ద దిగులు వలతో ఆగేది కాదు.

మంచు తగ్గితే?

2010 నుంచి పదేళ్ళకు పైగా ఎక్కువ చలికాలాల్లో ఆండీస్ మీద మామూలు కంటే తక్కువ మంచు కురిసింది. వేల ఏళ్ళుగా పేరుకున్న హిమానీనదాలు కూడా భూమి వేడెక్కుతున్న కొద్దీ కుంచించుకుపోతున్నాయి. మంచు తక్కువైన ఏట నదికి ఆసరా ఆ హిమానీనదాలే. అవి కూడా తరిగిపోతే కరువు ఏట ఆదుకునేది ఉండదు. వెచ్చదనం వల్ల మంచు ముందుగానే కరిగితే, తీగకు దాహం వేసే వేళకు నది చిక్కిపోతుంది.

అందుకే మెండోజాలో మంచును లెక్కపెడతారు. కొండల మీద మంచు బరువు తూచే పరికరాలు అమర్చారు. ఆ లెక్కలను బట్టి వసంతంలో నీటిపారుదల శాఖ ఈ వేసవికి ఏ నదిలో ఎంత నీరు వస్తుందో ముందే ప్రకటిస్తుంది. రైతు దాన్ని బట్టి తన వంతును సర్దుకుంటాడు. సాళ్ళ వెంట నీరు పారించే చోట ఇప్పుడు చాలామంది బొట్టుబొట్టుగా వేరుకే నీరందించే బిందుసేద్యం పెట్టుకుంటున్నారు. అనంతపురం రైతులకు ఇది కొత్త కాదు.

నీటి మీద అక్కడి జనానికి ఎంత పట్టింపో 2019లో లోకం చూసింది. గనుల్లో సయనైడు వంటి విషపదార్థాలు వాడరాదని 2007లో చేసిన చట్టాన్ని ఆ డిసెంబరులో సడలించారు. నీళ్ళు బంగారం కన్నా విలువైనవి అంటూ వేలమంది వీధుల్లోకి వచ్చారు. పది రోజులు తిరక్కుండానే, డిసెంబరు 30న, ఆ సడలింపును రద్దు చేయవలసి వచ్చింది.

ద్రాక్షపండుగ చూసేవారికి పాటలూ, దీపాలూ, పళ్ళూ కనబడతాయి. మెండోజా రైతు మాత్రం పండుగ మర్నాటి నుంచే కొండవైపు చూడటం మొదలుపెడతాడు. వచ్చే మార్చిలో గుత్తులు ఎన్నో ఈ జూన్, జూలైలలో కురిసే మంచే చెప్పాలి.

చేసి చూడండి

రెండు ఖాళీ డబ్బాలు తీసుకోండి. రెంటికీ అడుగున మేకుతో ఒకే రకం చిన్న రంధ్రం చేయండి. పెద్దవాళ్ళ సాయం తీసుకోండి. కింద ఒక్కోదానికి ఒక్కో గిన్నె పెట్టండి. ఒక డబ్బాలో ఒక గ్లాసు నీళ్ళు పోయండి. రెండోదానిలో, అదే గ్లాసుడు నీళ్ళు గడ్డకట్టించిన మంచుముక్కలు వేయండి. రెండు గిన్నెల్లోనూ ఎంత నీరు చేరిందో ఐదు నిమిషాలకు ఒకసారి గుర్తు పెట్టుకోండి. నీళ్ళ డబ్బా ఎంతసేపట్లో ఖాళీ అయింది? మంచు డబ్బా ఎంతసేపు కారింది?

ఇప్పుడు మళ్ళీ మంచుముక్కలు తీసుకుని, డబ్బాను ఈసారి ఎండలో పెట్టి చూడండి. కాలం ఎంత తగ్గిందో రాసుకోండి. భూమి వేడెక్కితే ఆండీస్ మీది చెరువుకు ఏమవుతుందో మీ లెక్కే మీకు చెబుతుంది.